తవిటినాయుడు మేష్టారి కత్తులూ, ఏడో గడీ

ప్రభుత్వం అడిగిన వస్తువు జనం దగ్గర లేకపోతే ఆ తప్పు జనానిదే. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్న పాఠాల్లో ఇది మొదటిది. రెండోది, ఆ వస్తువు ఎవరి దగ్గరుందో తెలిసినా ఆఫీసులో నోరు జారకూడదని. ఈ రెండోది నేర్చుకునేసరికి ఆలస్యమైపోయింది. ఆ సంగతే చెబుతాను.

కిందటేడు శ్రావణమాసంలో మా డివిజన్ ఆఫీసుకి ఒక సర్క్యులర్ వచ్చింది. జనం దగ్గర పడి ఉన్న పురాతన విదేశీ సైనికాధికారుల ఖడ్గాలన్నిటినీ గుర్తించి, నమోదు చేసి, పట్టణానికో అద్దాల బీరువాలో ప్రదర్శించాలట. ఈ కార్యక్రమానికి ఖడ్గ వారసత్వ పక్షోత్సవాలని పేరు. పైన ఎవరో పెద్దాయన విదేశం వెళ్ళి, అక్కడి మ్యూజియంలో గోడ నిండా కత్తులు చూసి ముచ్చటపడ్డారనీ, ఆ ముచ్చటే ఒక్కో మెట్టూ దిగి మా దాకా వచ్చిందనీ చెప్పుకున్నారు. సర్క్యులర్ అడుగున నల్లటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: 'శూన్య నివేదికలు అంగీకరించబడవు.'

అంటే మా డివిజన్లో కత్తులు ఉండి తీరాలన్నమాట.

మా ఆర్డీవో జనార్దనప్రసాద్ గారు ఆ సాయంత్రమే అందర్నీ కూర్చోబెట్టారు. మన డివిజన్ చారిత్రకంగా వెనుకబడి లేదని నిరూపించవలసిన గురుతర బాధ్యత మన భుజస్కంధాలపై ఉన్నదని చెప్పి, వారం గడువిచ్చారు. వారం తిరిగేసరికి మండలాల నుంచి కొబ్బరికాయలు కొట్టే కత్తులు పద్నాలుగు, కల్లుగీత కత్తులు ఆరు, పీటతో సహా ఒక కత్తిపీట వచ్చాయి. ఒక ఊరి కార్యదర్శి ఏకంగా అమ్మవారి చేతిలో కత్తే పట్టుకొచ్చాడు. వెనకాలే ఊరంతా వచ్చి, కత్తితోపాటు కార్యదర్శిని కూడా తీసుకుపోయారు.

ఆర్డీవో గారు తల పట్టుకున్నారు. అప్పుడు, సి-సెక్షన్ సీనియర్ అసిస్టెంటు కూర్మారావు అనబడే నేను, ఎవరూ అడక్కుండానే లేచి నిలబడి, మా డ్రిల్లు మేష్టారి దగ్గర అలాంటివి పదకొండున్నాయి సార్ అన్నాను. ఆయన నా వంక చూసిన చూపు ప్రమోషన్ ఆర్డరులా ఉంది.

అంపోలు తవిటినాయుడు మేష్టారు మా మునిసిపల్ హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు డ్రిల్లు చెప్పారు. చుట్టా బీడీ ఎరగరు, పేకముక్క పట్టరు. ఆయనకున్నది కత్తుల పిచ్చి ఒక్కటే. తెల్లదొరల రోజుల్లో ఓడల మీద వచ్చిన ఫౌజు ఆఫీసర్ల కత్తులవి. సొరచేప తోలు చుట్టి పైన ఇత్తడి తీగ బిగించిన పిడి, వేళ్ళకి అడ్డంగా ఇత్తడి కాపు, కత్తి పొడుగునా ఆకులూ తీగెలూ చెక్కడం. దొరలు పోయాక అవి ఎక్కడెక్కడ తేలాయో మేష్టారికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. మూడింటిని మూతబడ్డ నాటక సమాజాల పెట్టెల్లోంచి తీశారు. నలభై ఏళ్ళపాటు దుర్యోధనులు వాటిని ఊపుతూ పద్యాలు పాడారు. ఒకటి పాత ఇనప సామాన్ల కొట్లో తూకానికి పోబోతూ దొరికింది. అన్నిటికన్నా మంచిదాన్ని దివాను గారి మనవడు పెరట్లో దొండపాదుకి ఊతగా పాతేశాడు. మేష్టారు దాని చోట మంచి వెదురు రాట పాతిచ్చి, కత్తిని పెరికి తెచ్చుకున్నారు.

ఆ దొండపాదు కత్తి మీద, పిడికి కాస్త పైన, చిటికెనవేలి గోరంత ఏనుగు బొమ్మ చెక్కి ఉంటుంది. పంద్రాగస్టు నాడు మేష్టారు ఆ కత్తితోనే జెండాకి సెల్యూట్ చేసేవారు. మూడో వరసలో నిలబడ్డ మాకు ఆయన చెయ్యి కిందికి దిగేటప్పుడు కత్తి మీద ఎండ మెరిసేది. నాకు ఇప్పటికీ దేశభక్తి అంటే ఆ మెరుపే గుర్తొస్తుంది.

నేను వెళ్ళేసరికి ఆయన మంచం మీద పాత పంచె పరిచి, కుట్టుమిషను నూనెతో కత్తులు తుడుచుకుంటున్నారు.

"ఏటిరా కూర్మా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అన్నారు.

సంగతి చెప్పాను. టౌన్‌హాల్లో అద్దాల బీరువా, దాని మీద ఆయన పేరు, పక్కన ప్రతి కత్తికీ ఒక కథ రాసిన అట్ట. ఆయనకి డెబ్భై నాలుగు నిండాయి. తన తర్వాత ఈ పదకొండూ తలో కొట్టుకీ పోతాయన్నదొక్కటే ఆయన దిగులని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ దిగులుకి మందు నా సంచీలో ఉందనుకుని గర్వపడ్డాను కూడా.

ఆయన ఏనుగు కత్తి తీసి, అంచు మీద తన బొటనవేలు పెట్టి, పిడి నుంచి మొనదాకా గట్టిగా లాగి చూపించారు. వేలికి గీత కూడా పడలేదు.

"ఈటికి పదును పెట్టలేదురా. యుద్ధానికెల్తేనే పెడతారు. ఇదెప్పుడూ ఎల్లనేదు. పెరేడుకెల్లింది, పెళ్ళికెల్లింది, దొండపాదుకెల్లింది. నూటయాభై ఏళ్ళయింది, ఒక్కడి నెత్తురు సూడనేదు. అందుకే నాకిదంటే ఇష్టం," అన్నారు. కత్తిని పంచె మీద పెట్టి, బీరువా దగ్గరికి పిల్లల్ని రానిస్తారా అని అడిగారు. రోజూ రానిస్తారన్నాను. అయితే పట్టుకెళ్ళమన్నారు.

సర్క్యులర్‌తో పాటు నమోదు కోసం 3-ఎ అనే ఫారం వచ్చింది. అందులో తొమ్మిది గడులు. మొదటి మూడు గడులూ పేరు, ఊరు, వయసు. నాలుగో గడిలో 'లోతు, అడుగులలో' అని ఉంది. దేని లోతు అని నేను అడిగితే ఆర్డీవో గారు కళ్ళజోడు సవరించుకుని, ఖడ్గము ఎంత లోతు దిగగలదో తెలుసుకొనుట ప్రభుత్వ ఉద్దేశమై ఉండవచ్చునన్నారు. తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టర్ గణపతిరాజు గారిని పిలిపించి పదకొండూ కొలిపించి, రెండడుగుల ఎనిమిది అంగుళాలని రాశాం. ఐదో గడి: 'సంవత్సరములో ఎన్ని నెలలు పనిచేయును?' పన్నెండని రాశాం. ప్రశ్న అర్థం కాకపోవడం జవాబు రాయకపోవడానికి కారణం కాదు.

ఆరో గడి దగ్గర కొంచెం కాలం గడిచింది. మొదటి యజమాని నిరభ్యంతర పత్రం జతపరచాలి. మొదటి యజమానులు సుమారు నూట యాభై ఏళ్ళనాటి దొరలు. ఏనుగు కత్తి మీద తయారుచేసిన కొట్టు పేరు, పరాయి దేశపు వీధి పేరు చెక్కి ఉంటే ఆ చిరునామాకే రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశాం. రెండు రిమైండర్లు కూడా పంపాం. జవాబు రానందున సదరు దొరగారికి అభ్యంతరము లేనట్లుగా భావించడమైనదని ఫైల్లో రాసి ముందుకి కదిలాం. ఈలోపు పక్షోత్సవాలు మూడో నెలలో ప్రవేశించాయి.

ఏడో గడి: 'పనిచేయు స్థితిలో ఉన్నదా? అవును / కాదు.'

మేష్టారు దానికి నవ్వి, కాదని రాయరా, పనిచెయ్యకపోవడమే దాని గొప్పతనం అన్నారు. నేను కాదని పదకొండుసార్లు రాశాను. నా సర్వీసులో నేను రాసిన వాటిలో నిజం అదొక్కటేనేమో, తిప్పలన్నీ దానితోనే మొదలయ్యాయి.

ఫైలు చూసి ఆర్డీవో గారు నన్ను లోపలికి పిలిచారు. ప్రభుత్వ పరిధిలోకి వచ్చిన ఏ వస్తువైనా పనిచేయు స్థితిలో లేనిచో దానిని కండెమ్ చేసి, ముక్కలు చేసి, పాత ఇనుము కింద వదిలించవలెనని స్థాయీ ఉత్తర్వులున్నాయి కదా, మన జీపును ఎట్లు చేసితిమో మరచితివా అన్నారు. మరవలేదు. ఆ జీపు ఆఫీసు వెనకే ఉంది, ముక్కలు చేసేవాడి కోసం ఆరేళ్ళుగా చూస్తోంది. దాని మీద గుమ్మడితీగ పాకింది.

అయినా ఆయన న్యాయం తెలిసిన మనిషి. విచారణ లేకుండా ఏ ఖడ్గాన్నీ కండెమ్ చేయరాదని, ముగ్గురితో సామర్థ్య పరీక్షా సంఘం వేశారు. తానే అధ్యక్షులు, గణపతిరాజు గారు ఒక సభ్యుడు, ఉద్యానశాఖ అధికారి ఇంకొక సభ్యుడు. పరీక్ష గుమ్మడికాయ మీద జరగాలని తీర్మానించడం వల్ల ఉద్యానశాఖ అవసరం పడింది. కాయ మాత్రం జీపు మీదే కోశారు.

అటెండరు సింహాచలం ఒక్కో కత్తీ ఎత్తి కొట్టాడు. పదకొండు దెబ్బలకీ కాయ కదిలిందేగాని తెగలేదు. చివరి దెబ్బకి దొర్లుకుంటూ వెళ్ళి జీపు కింద దూరింది. 'గుమ్మడికాయకు నష్టము: లేదు' అని ఉద్యానశాఖ వారు ధ్రువీకరించారు. ప్రతి దెబ్బకీ పక్కన నిలబడ్డ మేష్టారి భుజం అదురుతూ ఉంది. చిన్నప్పుడు మమ్మల్ని బెత్తంతో కొట్టినప్పుడు కూడా ఆ భుజం అంత కదిలేది కాదు.

పరీక్ష అయ్యాక ఆయన చేతులు కట్టుకుని, ముక్కలు చెయ్యొద్దని, బీరువా వద్దు, తన కత్తులు తనకిచ్చేస్తే ఇంటికి పట్టుకుపోతానని అడిగారు. ఆర్డీవో గారు కరిగిపోయారు. నమోదు ప్రారంభమైన వస్తువును మధ్యలో వాపసు ఇచ్చు నిబంధన లేదని, కాని మరమ్మతు చేయించి పనిచేయు స్థితికి తెచ్చు నిబంధన ఉన్నదని, వృద్ధుల మీద గౌరవంతో ఆ వెసులుబాటు కల్పిస్తున్నానని చెప్పి, అప్పటికప్పుడు ఉత్తర్వు రాయించారు. 'పదకొండు ఖడ్గములకును పిడి మొదలు మొన వరకు పదును పెట్టించి, మెరుగు పెట్టించవలెను.' అందరం మేష్టారి వంక చూశాం, ఆయన సంతోషిస్తారని.

"ఆ ఏనుగుదాన్నైనా ఒగ్గియ్యండి బాబూ," అన్నారాయన.

"చట్టం ముందు ఖడ్గములన్నియు సమానమే," అన్నారు ఆర్డీవో గారు.

మర్నాడు సానబండి కాసింని పిలిచారు. కాసిం సైకిలు తొక్కుతూ చక్రం తిప్పి ఊరందరి కత్తెరలకీ కత్తిపీటలకీ పదును పెడతాడు. ఏనుగు కత్తిని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పెట్టి చూసి, చక్రం ఆపేసి, ఇది కోసీది కాదు బాబూ, సూసీది అన్నాడు. మా ఆఫీసు ఆవరణలో ఆ మూడు నెలల్లో వినబడ్డ తెలివైన మాట అదొక్కటే. దానికి ఫారంలో గడి లేదు. ఉత్తర్వు చదివి వినిపించాను. కాసిం నిట్టూర్చి తొక్కడం మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు ఎగిరాయి. ఆకులు పోయాయి, తీగెలు పోయాయి, దొరగారి పేరు పొడి అక్షరాలు పోయాయి. మెరుగు పెట్టేటప్పుడు ఏనుగు పోయింది. మేష్టారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. నాకు ఆ పూట అన్నం సహించలేదు, అయినా కాసిం చేత పని పూర్తయినట్టు వేలిముద్ర వేయించుకోవడం మరిచిపోలేదు.

రెండో పరీక్షలో మొదటి దెబ్బకే కాయ రెండు చెక్కలైంది. సిబ్బంది చప్పట్లు కొట్టారు. పదకొండుకి పదకొండూ ఉత్తీర్ణత. నేను ఏడో గడిలో కాదు కొట్టేసి అవును రాసి, కొట్టివేతల దగ్గర పొట్టి సంతకాలు చేశాను.

ఇక మిగిలింది తొమ్మిదో గడి. 'పై వివరములను అధికారి స్వయముగా పరీక్షించి ధ్రువీకరించవలెను.' ఎనిమిదో గడిలో ఏ నూనె వాడుదురు అని ఉంటే కుట్టుమిషను నూనె అని ఎప్పుడో రాసేశాం. స్వయముగా అని ఉన్నచోట ఇంకొకరి చేత చేయించే అధికారి కాదు మా సారు. మేష్టారు మొదటిరోజు ఎలా చూపించారో నేను ఎప్పుడో వర్ణించి చెప్పాను. అది గుర్తుంచుకుని, ఏనుగు కత్తి చేతిలోకి తీసుకుని, పిడి నుంచి మొనదాకా, అంచు మీద తన బొటనవేలు పెట్టి గట్టిగా లాగారు.

ఆరు కుట్లు పడ్డాయి. సంతకం చేసే చెయ్యి కావడం వల్ల పదిహేను రోజులు డివిజన్ పాలన స్తంభించింది, జనం కొంచెం తేరుకున్నారు.

ఆస్పత్రి నుంచే ఆయన ఎడమచేత్తో ఉత్తర్వు రాశారు. ఖడ్గములు పనిచేయు స్థితిలో ఉన్నవని నిస్సందేహముగా రుజువైనది. పనిచేయు ఖడ్గము ఆయుధమగును. లైసెన్సు లేకుండా పదకొండు ఆయుధములు నలభై ఏండ్లుగా కలిగియుండి, ప్రభుత్వోద్యోగికి గాయమగుటకు కారణమైన అంపోలు తవిటినాయుడుకు నోటీసు ఇవ్వవలెను. ఆయుధములను ఆఫీసు బీరువాలో ఉంచి సీలు వేయవలెను.

ఆ నోటీసు నేనే అందించాను. ఆఫీసు వరండాలో, బల్ల మీద కూర్చుని ఆయన చివరి అక్షరం దాకా చదివారు.

"దేశాలు తిరిగింది, సముద్రాలు దాటింది, ఎక్కడా ఒక్కడి నెత్తురు సూడనేదు. మీ ఆఫీసుకొచ్చి సూసింది కదండీ, కూర్మారావు గారూ," అన్నారు.

నేను పదేళ్ళవాడిగా ఉన్నప్పటి నుంచీ ఆయన నన్ను ఏరా అనే పిలిచారు. ఆ గారు విన్నాక చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది. సిగ్గుతో తల వంచుకుని, నోటీసు అందినట్టు ఆయన చేత సంతకం పెట్టించుకున్నాను.

నోటీసు మీద విచారణ ఇంకా మొదలుకాకముందే, పక్షోత్సవాల ఐదో నెలలో పైనుంచి వివరణ వచ్చింది. నాలుగైదు వాక్యాలు. 'ఖడ్గ నమోదు నిమిత్తం పంపిన 3-ఎ ఫారం, వ్యవసాయ బోరు మోటార్ల సర్వే నిమిత్తం తయారుచేసినది. పొరపాటున జతపరచబడినది. మొదటి మూడు గడులు, ఆరవ గడి తప్ప మిగిలినవి లేనట్లుగా భావించవలెను. వాటి ఆధారముగా చర్యలు ఏవైనా తీసుకొని యున్నచో, వస్తువులను యథాతథ స్థితికి తెచ్చి యజమానులకు అప్పగించి, రసీదు పొందవలెను.'

నేను ఆ కాయితం మూడుసార్లు చదివాను. లోతు, నెలలు, నూనె, అన్నీ అర్థమయ్యాయి. ఇన్నాళ్ళూ మేము తవిటినాయుడు మేష్టారిని బోరు మోటారు అడిగాం. ఆయన దగ్గర అది లేదు.

ఆర్డీవో గారికి మచ్చ పడ్డ బొటనవేలు మీద కన్నా యథాతథ అన్న మాట మీదే దృష్టి నిలిచింది. యథాతథ స్థితి అనగా పదును లేని స్థితి. కాబట్టి పదును తీయించవలెను, నోటీసు ఉపసంహరించవలెను. మళ్ళీ కాసిం వచ్చాడు. మళ్ళీ చక్రం తిరిగింది. ఈసారి అంచులు అరగదీశాడు. పనయ్యేసరికి కత్తులు రెండు వేళ్ళ వెడల్పు ఇనప బద్దలయ్యాయి. ఇంకోసారి పిలవకండి బాబూ, ఇంక పిడే మిగిలిందని కాసిం వెళ్ళిపోయాడు.

మేష్టారు 'యథాతథ స్థితిలో ముట్టినవి' అన్న రసీదు మీద సంతకం చేశారు. పదకొండూ గోనెసంచిలో వేసుకుని వెళ్ళిపోయారు. బీరువా అని నేను ఏదో అనబోతే వినిపించుకోలేదు.

బీరువా వచ్చింది. టౌన్‌హాల్లో ఉంది, అద్దాలు చాలా బాగున్నాయి. పదకొండు ఖడ్గాలతో మా డివిజన్ రాష్ట్రంలో రెండో స్థానంలో నిలిచినందుకు ఇచ్చిన షీల్డు అందులో పెట్టారు. పక్కన, మచ్చ పడ్డ బొటనవేలు కనబడేలా షీల్డు అందుకుంటున్న ఆర్డీవో గారి ఫొటో ఉంది. పిల్లల్ని రానివ్వరు, అద్దం పగలగొడతారని.

ఆరు నెలలకి పునఃపరిశీలన చేయాలని ఉత్తర్వు వచ్చింది. 3-ఎ ఫారాలు ఇంకా గదినిండా మిగిలి ఉన్నాయి, అవి అయిపోయేదాకా వాటినే వాడాలట. ఒకటి పట్టుకుని మేష్టారి ఇంటికి వెళ్ళాను. మంచం మీద పంచె లేదు, నూనె వాసన లేదు. పది బద్దలు మూలన గోనెసంచిలోనే ఉన్నాయి. పదకొండోది, ఒకప్పటి ఏనుగు కత్తి, కనబడలేదు. రిజిస్టరు ప్రకారం అది లేకపోతే ఆయన మీద ఇంకో కేసవుతుంది. సంచీ బోర్లించి మళ్ళీ లెక్కపెట్టాను.

అది ఎక్కడుందండీ అని అడిగితే ఆయన నన్ను పెరట్లోకి తీసుకెళ్ళారు. నడవ పక్కన, నేలలో మొన దించి, ఇత్తడి పిడి పైకి ఉండేలా కత్తి పాతి ఉంది. దాని చుట్టూ దొండతీగ అల్లుకుంది. పిడి మీద సొరచేప తోలు ఊడిపోయి, ఇత్తడి తీగలోంచి లేత కొస ఒకటి పైకి లేచింది.

"మీ ఏడో గడి ఇంకా ఉందాండీ, కూర్మారావు గారూ?" అన్నారు.

ఉందన్నాను.

"అవునని రాసుకోండి. ఇప్పుడు పనిచేస్తంది."

రాశాను. ఆయన సంతకం పెట్టి, వంగి, తీగ మీంచి నాలుగు దొండకాయలు చేత్తోనే తుంచి నా ఫైలు మీద పెట్టారు.